కొండకు ఎదురుగా కుర్చీ

“విమానం పడమటికి పోతా ఉండాది. ముల్లు తొంభై కాడ ఉండాది. అట్లయితే స్టేషను యాడుండాది?”

పెళ్లయిన కొత్తల్లో మా ఆయన్ని నేను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇది. సినిమాకు పోదామా అనో, ఈ చీర నాకు బాగుందా అనో అడిగే వయసులో ఇది అడిగాను. అడిగిన ప్రతిసారీ ఆయన కళ్లు మూసుకునేవాడు. వేళ్ల కణుపులు లెక్కపెట్టుకునేవాడు. కొంతసేపటికి, చాలా ఆలోచించి చెబుతున్నట్టు, “తూర్పున” అనేవాడు.

తూర్పున కాదు. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, తూర్పున కాదని. పడమటికి మొహం పెట్టి నిలబడ్డవాడికి కుడిచెయ్యి ఎటుంటుంది? ఉత్తరానికి ఉంటుంది. ముల్లు తొంభై మీద ఉందంటే విమానం ముక్కు నుంచి కుడివైపుకు తొంభై డిగ్రీలని అర్థం. అంటే స్టేషను ఉత్తరాన ఉన్నట్టు. మా వీధిలో గచ్చకాయలాడుకునే ఆడపిల్లను నిలబెట్టి అడిగినా చెబుతుంది. విమానం నడిపే మనిషి మాత్రం చెప్పలేడు.

ఆ పేపరు పేరు రేడియో నావిగేషన్. విమాన సంస్థల్లో పైలట్ ఉద్యోగం కావాలంటే రాయాల్సిన పరీక్షల్లో అదొకటి. మేఘాల్లో నేల కనపడనప్పుడు, కింద ఎక్కడో ఉన్న రేడియో స్టేషను పంపే తరంగాలను విమానంలోని పరికరం పట్టుకుంటుంది. దాని ముల్లు స్టేషను వైపు తిరుగుతుంది. ఆ ముల్లును చూసి, తన విమానం ఏ దిక్కుకు పోతోందో దానికి కలుపుకుని, స్టేషను ఏ దిక్కున ఉందో, తానెక్కడున్నాడో పైలట్ తేల్చుకోవాలి. మొత్తం విద్య అంతా ఒక కూడికలో ఉంది. ఉత్తరం సున్నా, తూర్పు తొంభై, దక్షిణం నూట ఎనభై, పడమర రెండు వందల డెబ్భై అనుకుని, విమానం దిక్కుకు ముల్లు అంకె కలిపి, మూడు వందల అరవై దాటితే అది తీసెయ్యాలి. నేను బియస్సీ లెక్కలు చదివినదాన్ని. నాకు పుస్తకం ఒకసారి తిరగేస్తే అర్థమయింది. అదే నా కర్మ. అర్థం కాకపోయి ఉంటే హాయిగా వంటింట్లో ఉండేదాన్ని.

మా ఆయన అప్పటికే విమానం నడిపేవాడని చెప్పాను కదా. అది మనుషుల్ని ఎక్కించుకునే విమానం కాదు, మందు విమానం. శెనక్కాయ చేలకు ఎర్ర గొంగళిపురుగు పట్టినప్పుడు, చెరుకుకు తెగులు తగిలినప్పుడు, పైనుంచి మందు చల్లే చిన్న విమానం. ఎండిన చెరువులో నేల చదును చేసుకుని అక్కడి నుంచే లేచేవాళ్లు, అక్కడే దిగేవాళ్లు. గట్టు మీద ఒక మనిషి జెండా పట్టుకుని నిలబడితే, ఆ జెండాను చూసుకుంటూ చేను మీద తలగుడ్డ ఎగిరిపోయేంత కిందుగా పోవాలి. చేను అయిపోయేచోట చింతచెట్టు ఉంటే చింతచెట్టు మీదుగా, కరెంటు తీగ ఉంటే తీగ మీదుగా ఒక్కసారిగా పైకి లేవాలి. ఆ పనికి మేఘాలూ అక్కర్లేదు, రేడియో అంతకన్నా అక్కర్లేదు. కళ్లుంటే చాలు.

ఆ కళ్లే ఒకాయన్ని మోసం చేశాయి. మా ఆయనతో పాటు అదే పని చేసేవాడు, మా పెళ్లికి వచ్చి మూడు ముళ్లూ పడేదాకా వెనక నిలబడి ఎగతాళి చేసినవాడు, ఒక పొద్దున ఎండ ఎదురుగా కొడుతుంటే తీగను చూసుకోలేదు. నేను ఆయన భార్యను పలకరించడానికి పోయాను. ఆమె నన్ను చూసి ఏడవలేదు. నా మెడలో తాళి వైపు ఒక్కసారి చూసి కళ్లు దించుకుంది. ఆ చూపు నన్ను చాలా కాలం వదల్లేదు.

ఇంటికొచ్చి మా ఆయన్ని నిలదీశాను. ఆ పని మానెయ్యమన్నాను.

“రేడియో పేపరు ఒకటి ప్యాసైతే దిగేస్తా. పెద్ద విమానాల్లో ఉద్యోగం వస్తాది” అన్నాడు.

“ప్యాస్ కాకపోతే?”

ఆయన పలకలేదు. చొక్కా తగిలించుకుని బయటికి పోయాడు. ఆ పలక్కపోవడమే నాకు జవాబు. ప్యాసైతే మనిషి దక్కుతాడు, కాకపోతే ఏమవుతుందో దేవుడికే తెలియాలి. ఆ రోజు నుంచి ఆ పుస్తకం నాకు పుస్తకంలా కనపడలేదు.

మిగతా పేపర్లన్నీ ఆయన ప్యాసయ్యాడు. వాతావరణం ప్యాస్, ఇంజను ప్యాస్, రూల్సు ప్యాస్. ఇదొక్కటే పెళ్లికి ముందు ఒకసారి, పెళ్లయ్యాక ఒకసారి పోయింది. ప్యాసైన పేపర్లకు గడువుంటుంది. ఆ గడువులోగా ఇది కూడా కాకపోతే మొదటికే మోసం, అన్నీ మళ్లీ రాయాలి. కాబట్టి చల్లే సీజను అయిపోగానే ఆయన్ని తిరుపతికి, మా పుట్టింటికి తీసుకొచ్చాను. పలమనేరు పక్కన వాళ్ల ఇంట్లో పదిమంది మధ్య చదువు సాగదని నేనే అన్నాను. మా ఇంట్లో అయితే నాయన పొద్దున్నే ఇత్తడి సామాను అంగడికి పోతాడు, అమ్మ ఒక్కతే ఉంటుంది, ప్రశాంతంగా ఉంటుందనుకున్నాను. అల్లుడు నాలుగు నెలలు అత్తగారింట్లో కూర్చుంటే ప్రశాంతంగా ఎలా ఉంటుందని అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

అమ్మ మా రాకకు ముందే మేడ మీద గది కడిగించి పెట్టింది. కిటికీ ఎదురుగా బల్ల, బల్ల ముందు కుర్చీ. కిటికీలోంచి చూస్తే కొండ నిండుగా కనిపిస్తుంది. చదువుకునేవాళ్లు తూర్పుకో ఉత్తరానికో మొహం పెట్టి కూర్చోవాలని మా ఇంట్లో నియమం. తిరుపతిలో ఉత్తరమంటే కొండే కాబట్టి ఇక ఆలోచించడానికేముంది? స్వామి ఎదురుగా కూర్చుని చదివితే ఏ రేడియో అయినా తల వంచుకుని వస్తుందని అమ్మ నమ్మకం. బల్ల కాళ్ల కింద ఇటుక ముక్కలు పెట్టి మరీ సరిగ్గా కొండకు ఎదురుగా తిప్పించిందట. నాకూ బాగానే అనిపించింది. గాలి వస్తుంది కదా అనుకున్నాను.

అమ్మ పద్ధతి గురించి ఇక్కడ చెప్పాలి. మా ఇళ్లల్లో అత్త అల్లుడికి ఎదురు పడకూడదు. అమ్మ దాన్ని చాలా నిష్ఠగా పాటించేది. అల్లుడు పడసాలలో ఉంటే ఆమె తలుపు వెనక ఉండేది. ఆయనతో చెప్పాల్సినవన్నీ నాతో చెప్పేది, నేను లేకపోతే గోడతో చెప్పేది. “కాఫీ ఆడ పెట్టినానని సెప్పు,” “నీళ్లు కాగినాయని సెప్పు.” ఆయన వైపు నుంచి కూడా అంతే మర్యాద. గాజుల చప్పుడు వినపడితే లేచి నిలబడాలి, అటు చూడకూడదు, దారిలో ఉంటే పక్కకు తప్పుకోవాలి. ఈ దాగుడుమూతలు పొద్దున లేచిన దగ్గర్నుంచి నడిచేవి. నాకు చూసి చూసి విసుగొచ్చేది. ఒకసారి ఇద్దరూ ఒకేసారి పెరటి వాకిలి దగ్గరికొచ్చి, ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ ఎవరూ కదలకుండా ఉండిపోతే, నేను పోయి ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ఇక తిండి. అల్లుడు చదువుతున్నాడు, బలం కావాలని అమ్మ మధ్యాహ్నం పప్పులో గరిటెడు నెయ్యి పోసేది. రెండు రోజులకోసారి పూర్ణం పెట్టిన ఓళిగలు. అవి తిన్నవాడికి నిద్ర వస్తుందా, దిక్కులు వస్తాయా? మూడు గంటలకు నేను మేడ మీదికి పోతే ఆయన పుస్తకం మీద తల పెట్టి నిద్రపోతూ ఉండేవాడు. “అమ్మా, నెయ్యి తగ్గించు” అంటే, “ఆయప్ప ఇంటికి పోయి అత్తగారింట్లో నెయ్యి పెట్టలేదని సెప్పుకోవాల్నా?” అని నామీదే లేచేది.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. మా ఆయన విషయంలో అది అక్షరాలా నిజమైంది. నాలుగు వారాలు గడిచేసరికి ఆయన చదువుకు ముందు ఊహించి చెప్పగలిగినవి కూడా చెప్పలేకపోయాడు. కొన్ని లెక్కలు టకటకా సరిగ్గా చేసేవాడు, కొన్ని ఎప్పుడూ తప్పే. ఒకరోజు విసుగు పట్టలేక ఆయన చేసిన లెక్కలన్నీ తీసుకుని మేడ మెట్ల మీద కూర్చున్నాను. తప్పు ఎంతెంత వచ్చిందో చూడడం మొదలుపెట్టాను. విమానం నూట ఇరవై దిక్కుకు పోతుంటే తప్పు నూట ఇరవై. రెండు వందల డెబ్భైకి పోతుంటే తప్పు రెండు వందల డెబ్భై. విమానం ఉత్తరానికి పోతుంటే మాత్రం తప్పే లేదు. అంటే ఈయన ఒక్కసారి కూడా విమానం దిక్కును కలపడం లేదు. ముల్లు ఎంత చూపిస్తే అంతే, ఉత్తరం నుంచి లెక్కపెట్టి రాసేస్తున్నాడు.

ఎందుకని? తల ఎత్తి తలుపులోంచి చూశాను. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కొండ. ఆయన ముక్కు ఎటుందో ఉత్తరం అటే ఉంది. నాలుగు వారాలుగా ఆయన ఆ కుర్చీలో తిన్నగా ఉత్తరానికి మొహం పెట్టుకుని విమానం నడుపుతున్నాడు. పుస్తకంలో విమానం ఎటైనా పోనీ, మా ఆయన మాత్రం కొండ వైపే పోతున్నాడు.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదని చెప్పను. నాకు కోపమొచ్చింది, అంతే. పోయి ఆయన్ని కుర్చీలోంచి లేపి, బల్లను దక్షిణం వైపుకు గుంజాను. ఇటుకలు జారి పెద్ద చప్పుడైంది. ఆ చప్పుడుకు అమ్మ మేడ మీదికి వచ్చి తలుపు వెనక నిలబడింది.

“ఏమ్మే, ఏం సేస్తా ఉండావు?”

“బల్ల తిప్పతా ఉండా. కొండను సూసి సూసి ఈయనకు దిక్కులు పోయినాయి.”

“దక్షిణం మొహం పెట్టి సదివిస్తావా ఆయప్పను? యముడి దిక్కమ్మే అది!”

“అమ్మా, యముడు దక్షిణాన లేడు. చేను గట్టున కరెంటు తీగ మీద కూర్చోనుండాడు.”

అలా అంటానని నేనే అనుకోలేదు. తలుపు వెనక గాజులు కూడా కదల్లేదు. తరవాత అమ్మ మెల్లిగా మెట్లు దిగిపోయింది. ఆయన బల్ల రెండో కొస పట్టుకుని తిప్పడానికి సాయం చేశాడు. మళ్లీ ఎవరూ దక్షిణం మాట ఎత్తలేదు. కానీ సాయంత్రం చూస్తే బల్ల మీద ఒక పక్కగా పసుపు, కుంకుమ, నిమ్మకాయ పెట్టి ఉన్నాయి.

బల్ల తిప్పితే అయిపోతుందనుకున్నాను. కాలేదు. తిరుపతిలో మనిషికి కొండ ఎటుందో చూడకుండానే తెలుస్తుంది. ఊళ్లో ఎవర్ని దారి అడిగినా కొండవైపుకు పొమ్మంటారు, కొండకు వీపు పెట్టి పొమ్మంటారు. ఆయనకు కూడా ఆ అలవాటు పట్టుకుంది. దక్షిణానికి తిప్పి కూర్చోబెడితే, వీపు వెనక కొండను తలుచుకుని అక్కడి నుంచే సున్నా మొదలుపెట్టేవాడు. కింద శెనక్కాయ మూటలు వేసే కిటికీ లేని గదిలో కూర్చోబెట్టాను. అక్కడా అంతే. “ముక్కు! ముక్కు నుంచి లెక్కపెట్టండి, కొండ నుంచి కాదు” అని ఎన్నిసార్లు అరిచానో. ఆయనకు మాట మాత్రం అర్థమయ్యేది, తల ఊపేవాడు, లెక్కలోకి వచ్చేసరికి మళ్లీ పాత పాటే. నా తల ప్రాణం తోకకు వచ్చింది. పరీక్ష దగ్గర పడుతోంది. ఆ మూటల గదిలోంచి బయటికొచ్చి పెరట్లో చాటుగా ఏడ్చిన రోజులున్నాయి. ఇంత చిన్న కూడిక రాక నా మొగుడు తీగకు చుట్టుకుంటాడేమోనని ఏడ్చాను.

ఒక మధ్యాహ్నం పడసాలలో ఆయన పడమటికి మొహం పెట్టి పీట మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎదురుగా కూర్చుని పుస్తకం పట్టుకుని అడుగుతున్నాను. ఉన్నట్టుండి ఆయన లేచి నిలబడి, కుడివైపుకు రెండడుగులు జరిగి, తల వంచుకున్నాడు. చూస్తే అమ్మ వంటింటి తలుపు వెనక్కి వచ్చి మజ్జిగ చెంబు గడప మీద పెడుతోంది. ఆయన వెనక్కి తిరగలేదు. అటు కన్నెత్తి చూడలేదు.

“అమ్మ యాడుండాది?” అన్నాను, ఎందుకన్నానో తెలియదు.

“నా ఎడం భుజం వెనకాల” అన్నాడు ఆయన, గొంతు తగ్గించి.

నేను పుస్తకం కింద పడేశాను. తూర్పున అనలేదు. కొండకు ఇటువైపు అనలేదు. ఎడం భుజం వెనకాల అన్నాడు! ఏడాదిగా అత్తగారికి ఎదురుపడకుండా తప్పుకుని తప్పుకుని, ఈ మనిషికి ఆమె ఒక్కదాన్నీ తన ఒంటి నుంచి లెక్కపెట్టడం అలవాటైపోయింది. ఊళ్లో సమస్తం కొండ నుంచి, అత్తగారు మాత్రం తన భుజం నుంచి. నేను ఇన్నాళ్లూ గొంతు చించుకుని చెబుతున్నది అదే కదా.

“ముక్కు నుంచి ఎంతవుతాది?”

“ముక్కు కాణ్ణించి కుడివైపుగా తిరుక్కుంటా వస్తే… రెండు వందల ఇరవై ఐదు.”

“మీ మొహం ఎటుండాది?”

“పడమటికి. రెండు వందల డెబ్భై.”

“కలపండి.”

కలిపాడు. మూడు వందల అరవై తీసేశాడు. “నూట ముప్పై ఐదు. ఆగ్నేయం” అన్నాడు. అని, వంటిల్లు ఆగ్నేయంలో కాక ఇంకెక్కడుంటుందన్నట్టు నా వైపు చూశాడు. ఆ తరవాత మెల్లిగా ఆయన మొహం మారింది. “ఓసినీ! ఇంతేనా?” అన్నాడు. ఇంతేనా! నెలల తరబడి నా నోరు అరగ్గొట్టుకుని చెప్పినదాన్ని పట్టుకుని ఇంతేనా అన్నాడు. చెంబులో మజ్జిగ నెత్తిన పోయాలనిపించింది.

ఇక అమ్మను ఒప్పించాలి. “అమ్మా, రేపట్నించి నువ్వు స్టేషను” అన్నాను. నువ్వు తలుపుల వెనకే ఉండు, ఒక తలుపు వెనక నుంచి ఇంకో తలుపు వెనక్కి మారుతూ ఉండు, గరిటతో చెంబు మీద కొట్టు, చాలు. ఆమె నమ్మలేదు. అల్లుడి వినికిడిలో అత్త గరిట కొట్టడమేమిటి, నలుగురు వింటే ఏమనుకుంటారు, మీ నాయనకు తెలిస్తే పరువేం కావాలంది. నేను ఇంకేం చెప్పలేదు, తీగ మాట మళ్లీ ఎత్తలేదు. ఆమే కాసేపు నా మొహంలోకి చూసి, “ఏ గరిటమ్మే?” అంది.

రోజూ భోజనాలకు ముందు ఆ పని పెట్టుకున్నాం. ఆయన పడసాల మధ్యలో కళ్లకు తువ్వాలు కట్టుకుని నిలబడేవాడు. నేను ఆయన్ని ఒక దిక్కుకు తిప్పి అది ఎంతో చెప్పేదాన్ని. అమ్మ దేవుడింటి తలుపు వెనక నుంచో, పెరటి వాకిలి వెనక నుంచో టంగ్ టంగ్ మనిపించేది. ముక్కు నుంచి ఎంత, మొత్తం కలిపితే ఎంత, స్టేషను నుంచి చూస్తే తాను ఏ దిక్కున ఉన్నాడు, ఇవి చెప్పాలి. మొదట్లో సిగ్గుపడుతూ కొట్టిన అమ్మ వారం తిరిగేసరికి మోసం చెయ్యడం మొదలుపెట్టింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, గాజులు మోచేతికి ఎగదోసుకుని, చప్పుడు కాకుండా పెరట్లోంచి చుట్టు తిరిగి వచ్చి ఇంకోపక్క మోగించేది. పక్కింటామె గోడ మీదుగా, “అల్లుడు కండ్లు గాని పోగొట్టుకున్నాడా ఏంది?” అని అడిగింది. నాయన ఒకరోజు అంగడి నుంచి వేళకాని వేళ వచ్చి గడపలో నిలబడిపోయాడు. అల్లుడు కళ్లకు గంతలు, కూతురు చేతిలో పుస్తకం, పెళ్లాం దేవుడింట్లో గరిట. “ఏమన్నా శాంతి సేయిస్తా ఉండారా? నాకు సెప్పలేదే” అని చొక్కా విప్పబోయాడు.

ఆ మధ్యలోనే ఇంకోటి జరిగింది. ఆయన ఒకరోజు వరసగా తప్పులు చెబుతున్నాడు. గంట దాటింది. కూర చల్లారుతోంది. నేను అరిచి అరిచి ఊరుకున్నాను. ఉన్నట్టుండి తలుపు వెనక నుంచి, “కుడిచెవి నాయనా, కుడిచెవి! ఎడమ చెవంటావేమి?” అని అరుపు. అమ్మ. గోడతో కాదు, నాతో కాదు, సూటిగా అల్లుడితోనే. ఆ మాట నోట్లోంచి రాగానే నాలుక కరుచుకుని గరిట అక్కడే వదిలేసి పెరట్లోకి పరుగెత్తింది. ఆయన తువ్వాలు కిందనుంచే నవ్వి, “కుడిచెవే” అన్నాడు. ఆ రోజు మళ్లీ తప్పు చెప్పలేదు.

పరీక్ష మద్రాసులో. నేను రైలెక్కించి వచ్చాను. తిరిగొచ్చాక ఎలా రాశారంటే, “రాసినాను” అన్నాడు. ఎలాగని మళ్లీ అడిగితే, ప్రతి లెక్కకూ మీ అమ్మ ఏ తలుపు వెనక ఉందో చూసుకున్నానన్నాడు. చెవి అటూ ఇటూ తిప్పుతుంటే, గదిలో కాపలా ఉన్నాయన పక్కవాడి మాటలు వింటున్నాడనుకుని రెండుసార్లు వచ్చి ఎదురుగా నిలబడ్డాడట. అంతకుమించి చెప్పలేదు. ఫలితాలకు చాలా కాలం పడుతుందన్నాడు. ఆలోగా చల్లే సీజను వచ్చేసింది. ఆయన వెళ్లిపోయాడు.

నేను తిరుపతిలోనే ఉండిపోయాను. ఆ రోజుల గురించి రాయడం నాకిష్టం లేదు. ఆయన విమానం తిరుపతి దరిదాపుల్లోకి రాదని తెలుసు. అయినా రేణిగుంట నుంచి లేచిన విమానం మోత వినిపిస్తే చేతిలో ముద్ద కంచంలో దించేసేదాన్ని. అది దాటిపోయేదాకా తినబుద్ధయ్యేది కాదు. మధ్యలో రెండు రోజులు ఇంటికి వచ్చినప్పుడు ఆయన అది కళ్లారా చూశాడు. “అది మాది కాదమ్మే, పెద్దది” అన్నాడు. నాకు తెలియదా పెద్దదని?

ఫలితం పోస్టులో మా ఇంటికే వచ్చింది. కవరు చించి చూశాను. ప్యాస్. అమ్మ తలుపు చాటు నుంచి కాదు, నా భుజం మీంచే తొంగి చూసి, చదవడం రాకపోయినా ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. నేను ఆ క్షణమే బయలుదేరాను. చిత్తూరు బస్సు, అక్కడ దిగి ఇంకో బస్సు, అక్కడి నుంచి చెరుకు తోటల మధ్య నడక. ఎవర్నడిగినా చెప్పారు, మందు విమానం చెరువులో ఉందని. నేను చేరేసరికి చెరువులో విమానం లేదు. మందు డ్రమ్ముల దగ్గర ఇద్దరు కూలీలు బీడీలు తాగుతున్నారు. విమానం చిన్న గుట్ట అవతల తిరుగుతోంది. కనపడదు. మోత మాత్రం వస్తూ పోతూ ఉంది. చేను చివర పైకి లేచేటప్పుడు అది ఒక్కసారిగా ఎక్కువవుతుంది, తరవాత తగ్గుతుంది. తగ్గిన ప్రతిసారీ మళ్లీ వినపడేదాకా అంకెలు లెక్కపెట్టాను.

దిగాడు. నన్ను చూసి పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుని. ఒళ్లంతా మందు కంపు.

“ప్యాస్” అన్నాను.

ఆయన డ్రమ్ము మీద కూర్చుండిపోయాడు. తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు, తుడుచుకుంటూ నవ్వాడు.

“ఇంక దిగేయండి. ఈ పొద్దే. ప్యాసైతే దిగేస్తానన్నారు.”

“ఈ పొద్దుతో సీజను అయిపోతాది. ఇంక రెండు చేలుండాయి, అంతే. ఇదే ఆఖరని వాళ్లకు ఎప్పుడో సెప్పేసినా.”

“ఎప్పుడో అంటే?”

“పోయినేడే. ఆయప్ప తీగకు తగులుకున్న వారంలోనే సెప్పినా. ఒప్పుకున్నది ఈ ఒక్క సీజను, ఆమీట రానని.”

“ప్యాస్ కాకపోయినా?”

“కాకపోయినా. మీ నాయన అంగట్లో చెంబులు అమ్ముకోనుందును.”

“మరి నాతో ప్యాసైతేనే అన్నారే! కాకపోతే ఏమని అడిగితే నోరు తెరవలేదే!”

ఆయన నేల వైపు చూశాడు. “తెరిచింటే నువ్వు నన్ను ఇంత సదివించి ఉందువా మే? నాలుగు రోజులు సెప్పి, రాకపోతే పోనీలే, మనిషి ఇంట్లో ఉండాడు, అది సాలని ఊరుకోనుందువు. నాకు పెద్ద విమానం తోలాలని ఉన్నింది.”

అది నిజం. ఊరుకుని ఉండేదాన్నే. అందుకే మరీ కోపమొచ్చింది. ఇన్ని నెలలు నా ప్రాణం ఆ ముల్లు చివర వేలాడుతుంటే, ఆయన పక్కనే కూర్చుని నా భయంతో పాఠం చెప్పించుకున్నాడు. నేను దించేసిన అన్నం ముద్దలు చూశాడు, పెరట్లో ఏడ్చి వచ్చిన కళ్లు చూశాడు. ఒక్క మాట చెబితే అవన్నీ ఉండేవి కాదు.

“నాకు మీరు ప్యాస్ కావాలని కాదు. బతికుండాలని” అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను, కూలీలు బీడీలు ఆర్పేసి దూరంగా పోయారు.

ఆయన లేచి తలగుడ్డ చుట్టుకున్నాడు. ఎండగా ఉంది, చిత్తూరులో మా చిన్నమ్మ ఇంటికి పోయి ఉండు, సాయంత్రానికి వచ్చేస్తానన్నాడు. పోనన్నాను. మిగిలిన రెండు చేలూ అయ్యేదాకా ఆ చెరువు గట్టు మీదే కూర్చున్నాను. మోత గుట్ట అవతలికి పోయింది, వచ్చింది, పోయింది, వచ్చింది. చివరికి విమానం నేల మీద ఆగాక ఆయన దిగి, నన్ను లేపడానికి చెయ్యి చాచాడు. నేను ఆ చెయ్యి పట్టుకోలేదు. ముందు పోయి ఆ విమానం తలుపు ఆఖరిసారిగా మూసి రమ్మన్నాను.